ఎర్రపూవుకు పిడికెడు

మా వంశంలో ఆడవాళ్లకు నగలు పెద్దగా రాలేదు. అనుమానం మాత్రం దండిగా వచ్చింది. మధురైలో ఉండే మా అవ్వ పాలవాడి చెంబు వాసన చూడకుండా పాలు పోయించుకునేది కాదు. మా అమ్మ కూరగాయల బుట్టను అడుగు దాకా కలియబెట్టి చూస్తే గానీ బేరం మొదలుపెట్టేది కాదు. ఇక నా సంగతి చెప్పనక్కర్లేదు. ఎవరైనా నాతో మంచిగా మాట్లాడితే, ఈ మనిషికి నాతో ఏం పని పడిందా అని ముందు వెతుక్కుంటాను. ఈ గుణం వల్ల జీవితంలో మోసపోయింది తక్కువే. ఒక్కసారి మాత్రం ఈ గుణమే నన్ను ఒక చోట నిలబెట్టి వెళ్లిపోయింది, అది మేలో కీడో ఇంతవరకు నాకు తేలలేదు.

కోయంబత్తూరులో మాది తెలుగువాళ్ల వీధి. ఎన్ని తరాల కిందట ఈ దేశం వచ్చామో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మా నాయనకు కూడా రావు. ఆయనకు పశువుల దాణా కొట్టు ఉండేది. పత్తిగింజలు, గానుగపిండి, జొన్నలు, వేరుశనగలు అమ్మేవాడు. పొద్దున మిల్లు సైరను కూసేది, దాన్ని మేము మిల్లు శంఖం అనేవాళ్లం. అది ఊదితే వీధిలో సగం ఖాళీ అయ్యేది. ఆ శంఖం వినగానే పరిగెత్తేవాళ్లలో మా మామ ఒకడు.

మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. మధురైలో అవ్వ దగ్గర పెరిగాడు. ఇక్కడ మిల్లులో నూలు వడికే విభాగంలో పని దొరికాక మా ఇంటి మేడ మీద గదిలో చేరాడు. ఎప్పుడు చూసినా వెంట్రుకల్లో దూది నలుసులు ఉండేవి. మాట తక్కువ. ఉన్న మాటలన్నీ పావురాలకు ఖర్చు పెడతాడని అమ్మ ఎగతాళి చేసేది. మేడ మీద, మేము మొట్టమాడి అనే చోట, చెక్క గూళ్లు కట్టి పావురాలను పెంచేవాడు. వాటిలో ఒక బూడిదరంగు ఆడపావురం, రెక్కల చివర తెలుపు, మనుషులంటే బెదురు లేనిది. పిలిస్తే నేల మీద నడుచుకుంటూ వచ్చి అరచేతిలో గింజలు తినేది. ఇంట్లో నా మాట వినేవాళ్లు లేకపోయినా ఆ పావురం మాట వినేవాళ్లు ఉన్నారని నాకు ఆ పావురం మీద కొంచెం కోపంగా ఉండేది.

నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి, స్కూలు ఫైనలు గట్టెక్కాను. మా బడి పెద్ద సిస్టరు నాయన కొట్టుకు వచ్చి, జూన్‌లో నన్ను టీచరు ట్రైనింగుకు పంపితే సీటు తాను ఇప్పిస్తానని చెప్పింది. నాయన ఔననలేదు, కాదనలేదు, ఆవిడకు కుర్చీ వేయించి సోడా తెప్పించాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి నేల మీద నడవలేదు. మా వీధిలో ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్లడం అప్పటికి ఇంకా ఎవరి ఇంట్లోనూ జరగలేదు. సరిగ్గా అదే వారం అమ్మ తన మనసులో మాట బయటపెట్టింది.

"తమ్ముడు ఇంట్లోనే ఉండాడు. బయట సంబంధం ఏంటికి?" అంది, నా జడ అల్లుతూ, నాతో కాదు, గోడతో అన్నట్టు.

అక్క కూతురిని తమ్ముడికి ఇవ్వడం మా వాళ్లలో వింత ఏమీ కాదు. వద్దంటేనే వింత. నన్ను ఎవరూ అడగలేదు. మామను అడిగారో లేదో నాకు తెలియదు. పెళ్లయితే ట్రైనింగు మాట ఇక ఎత్తే పని లేదు. ఇంటి కోడలు బడికి వెళ్లి పిల్లలకు అక్షరాలు చెప్పడం ఏమిటని అవ్వే ముందు నోరు నొక్కుకుంటుంది. కాబట్టి నా చదువంతా, నా ముందు రోజులన్నీ ఆ ఒక్క పెళ్లి ఔనా కాదా అన్న దాని మీద ఆగి ఉన్నాయి.

మా ఇళ్లలో ఇలాంటివి మనుషులు తేల్చరు. పూవు అడుగుతారు. కులదేవత ముందు ఒక తెల్లపూవు, ఒక ఎర్రపూవు ఆకుల్లో పొట్లాలు కట్టి పెట్టి, చిన్నపిల్లాడి చేత ఒకటి తీయిస్తారు. తెల్లపూవు వస్తే అమ్మవారు సరే అన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు. దాని మీద ఇక మాట లేదు. అయితే మా అవ్వకు ఈ పద్ధతి మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. మా బంధువుల్లో ఒక పెళ్లికి పూవు అడిగినప్పుడు, పొట్లం దారానికి రెండో ముడి వేసి, ఆ ముడి ఉన్నదే తీయమని పిల్లాడికి ముందే బెల్లం ముక్క ఇచ్చి చెప్పారట. ఆ సంగతి బయటపడ్డాక అవ్వ పిల్లల చేతులను కూడా నమ్మడం మానేసింది.

అవ్వ కోయంబత్తూరు వచ్చి నాలుగు రోజులు ఉంది. మేడ మీద ఎండలో కూర్చుని ఆ బూడిద పావురం మామ చేతి దగ్గరికి నడిచి రావడం చూసింది. ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది.

"మనుషుల చెయ్యే వొద్దు. ఈ పావురాన్ని ఎత్తుకొని రండి. రెండు దొప్పల్లో బియ్యం పోసి, మీద పూలు పెడదాం. అది ఏది ముందు పొడిస్తే అది. నోరులేని జీవం, దానికి అబద్ధం తెలవదు."

"పూలని పొట్లం కట్టాల్నా అమ్మా?" అని అమ్మ అడిగింది.

"పొట్లం ఏంటికే? అది మనిషి కంటికి గదా కట్టేది. పక్షికి ఎర్రది ఏమి, తెల్లది ఏమి! సుమ్మా పెడితే చాలు."

అవ్వకు లోకం మీదున్న అనుమానమంతా పక్షుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. పావురం కళ్లు అవ్వ కళ్లకంటే చాలా నయమని, రంగులు దానికి మనకంటే బాగా తెలుసునని ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కడే. మామ మూలన కూర్చుని తల వంచుకుని అన్నం తింటున్నాడు. నేను అతని వంకే చూస్తున్నాను. అతను తల ఎత్తలేదు. తల ఎత్తకపోవడమే నాకు నచ్చలేదు.

వేసవి సెలవుల్లో నాయనకు కొట్టు కట్టేయడానికి వీలు దొరికినప్పుడు మధురై వెళ్దామని అనుకున్నారు. ఇంకా నెల పైన సమయం ఉంది. అవ్వ వెళ్లిపోయిన రెండు రోజులకు, ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి సాయంత్రం మేడ ఎక్కాను. ఆరేసిన చీర చాటున ఆగిపోయాను. మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు రెండు కొబ్బరి చిప్పలు. ఒకదాని మీద నందివర్ధనం పూవు, రెండోదాని మీద ఎర్ర గన్నేరు. పావురం అటూ ఇటూ చూసి గన్నేరు మీద ముక్కు పెట్టింది. మామ రెండంటే రెండు జొన్నగింజలు దాని ముందు వేశాడు. మళ్లీ చిప్పలు అటుదిటు మార్చాడు. ఈసారి అది నందివర్ధనం పొడిచింది. పిడికెడు జొన్నలు ఒక్కసారిగా పోశాడు.

"అదే. అదే," అన్నాడు మెల్లగా.

నా ఒళ్లు భగ్గుమంది. మిరపకాయలు ఎత్తకుండానే కిందికి దిగి వచ్చాను. ఇన్నాళ్లూ మాట్లాడని మనిషి అనుకున్నాను, మాట్లాడకుండా పని నడిపే మనిషి అని ఇప్పుడు తెలిసింది. తెల్లపూవు అంటే పెళ్లి. అమ్మవారి నోట తన మాట పలికించుకోవడానికి జొన్నలు పోస్తున్నాడు. ఎవరికి చెప్పను? అమ్మకు చెబితే, పోనీలే, వాడికి నీ మీద అంత ఆశ ఉందన్న మాట అని మురిసిపోతుంది. అవ్వకు చెబితే పూవూ వద్దు ఏమీ వద్దని ముహూర్తమే పెట్టిస్తుంది. నాయన సోడా తెప్పిస్తాడు. ఆలోచించగా నాకు ఒక్కటే దారి కనబడింది. అతను నేర్పింది నేను చెరిపేయాలి.

మామ పొద్దున శంఖానికి వెళితే మధ్యాహ్నం దాటాకే వచ్చేవాడు. నాయన కొట్టులో, అమ్మ వంటింట్లో. ఆ మధ్య కాలం నాది. కొట్టు నుంచి వచ్చిన వేరుశనగల్లోంచి గుప్పెడు కొంగులో కట్టుకుని మేడ ఎక్కి, అక్కడే ఒలిచేదాన్ని.

మొదట నాలుగు పప్పులతో సరిపెట్టాను. అంతా పప్పులో కాలేసినట్టే అయింది. ఆ పావురం నేరుగా నందివర్ధనం దగ్గరికి నడిచేది. నేను ఏమీ వేయకపోతే, తల ఒక పక్కకు వంచి, ఈవిడకు పని తెలియదు అన్నట్టు చూసేది. ఎప్పటికో విసిగి గన్నేరు పొడిచేది. నాలుగు పప్పులు తినేది, మళ్లీ తెల్లపూవు దగ్గరికే వెళ్లేది. వారం గడిచినా అంతే. దాని వైపు నుంచి చూస్తే తప్పేముంది? పిడికెడు పోసిన పూవును నాలుగు పలుకుల కోసం ఎవరు వదులుకుంటారు?

అప్పుడు నేనూ పిడికిలి విప్పాను. వేరుశనగ పప్పులు, నిండు పిడికెడు, ఎర్రపూవుకు. తెల్లపూవుకు ఏమీ లేదు. మర్నాటికే తేడా తెలిసింది. తెల్లపూవు దగ్గరికి రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. నేను చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. కానీ ఆ పిడికెడు తిన్నాక దానికి ఇంకో పాఠం మీద ఆసక్తి లేదు. రెక్కలు దులిపి, ఎండలో ఉబ్బి కూర్చుంది. అంతకంటే పెద్ద తంటా రాత్రి భోజనాల దగ్గర వచ్చింది.

"అక్కా, ఆ బూడిదది జొన్నలు ముట్టేది లేదు. కడుపు నిండినట్టు కూర్చోని ఉండాది. ఎవరైనా ఏమైనా పెడతా ఉండారా?" అన్నాడు మామ.

నేను తల వంచుకుని అన్నం కలపసాగాను. అమ్మ నా వంక కూడా చూడకుండా చెప్పింది: "ఎవరు పెడతారురా? నేను కాకులకి పెట్టే అన్నం తిని ఉంటాది."

మేము తినేముందు పిట్టగోడ మీద కాకులకు ముద్ద పెట్టడం మా ఇంటి ఆచారం. ఆ ముద్ద నన్ను ఆ పూట కాపాడింది. కానీ మామ "సరి" అన్న తీరు నాకు నచ్చలేదు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

అప్పటి నుంచి కొలత తగ్గించాను. సగం పిడికెడు, అదీ దానికి బాగా ఆకలి వేసే వేళకు. ఆశ్చర్యం ఏమిటంటే, తగ్గించినా అది ఎర్రపూవును వదల్లేదు. తెల్లపూవుకు ఏమీ రాదని అప్పటికి దానికి గట్టిగా తెలిసింది. ఒక రోజు మాత్రం అది తెల్లపూవు దగ్గర నిలబడి నా మొహంలోకి చూస్తుంటే జాలి వేసి, ఆ పూవుకూ కొన్ని పప్పులు వేశాను. మర్నాడు పని అంతా చెడింది. రెండు చిప్పల మధ్య నిలబడి, కాసేపు ఇది, కాసేపు అది. ఎంత పోశామన్నది దానికి అంత ముఖ్యం కాదు, ఈ పూవుకీ ఆ పూవుకీ మధ్య తేడా ఎంత అన్నదే అది చూసుకునేది. తేడా పెద్దదైతే చకచకా నేర్చుకునేది. తేడా చెరిగిపోతే ఏ పూవైనా ఒకటే అనుకునేది. తర్వాత నేను చాలా ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను, ఈ సంగతి ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

నా పని పూర్తయిందని ధీమాగా ఉన్న ఒక ఆదివారం బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కాను. మామ ఇంట్లోనే ఉన్నాడు, చిప్పలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నేను మెట్ల మీదే ఆగి చూశాను. పావురం తడబాటు లేకుండా తెల్లపూవు దగ్గరికి నడిచింది. ముందు రోజు పొద్దున నా దగ్గర అంతే ధీమాగా ఎర్రపూవు పొడిచిన పావురం! అది నేర్చుకున్నది పూల గురించే కాదు, మా ఇద్దరి గురించి కూడా. మామ ఎదురుగా ఉంటే తెల్లది, నేను ఎదురుగా ఉంటే ఎర్రది. ఎవరు ఏ పూవుకు పోస్తారో చూసుకుని, ఎవరి మొహానికి వారి పూవును పంచి పెట్టుకుంది.

నేను బకెట్టు పట్టుకుని పైకి వచ్చాను. పావురం నన్ను చూసింది. పొడవబోతున్నది ఆగింది. తెల్లపూవు వదిలి గన్నేరు వైపు రెండడుగులు వేసింది. మామ దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏమి అమ్మిణీ?"

"బట్టలు ఆరేసేదానికి వస్తిని."

"సరి," అన్నాడు. చిప్పలు తీసి గదిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి అతను సాయంత్రాలు మేడ తలుపుకు తానున్న వైపు నుంచి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తలుపుకు చెవి ఆనిస్తే "అదే, అదే" అన్న మాట ఒక్కటే వినబడేది. నా ఎత్తు పసిగట్టి మరింత గట్టిగా తెల్లపూవు రుద్దుతున్నాడని నిశ్చయించుకున్నాను. నేనూ పొద్దున పూట పట్టుబట్టాను. ఎప్పుడూ ఒకటే నీలం దావణీ, అంటే ఓణీ, కట్టుకుని వెళ్లేదాన్ని. నా లెక్క ఒక్కటే. గుడి ముందు నేను అదే నీలం దావణీలో పావురానికి ఎదురుగా నిలబడాలి, అది నన్ను చూడాలి. అప్పుడు ఎర్రది తప్పదు.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి, అమ్మ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు, మామ నన్ను అడిగాడు. "ఆ టీచరు ట్రైనింగికి ఎప్పుడు పోవాల?"

"ఏంటికి మామా?"

"సుమ్మా అడిగినా."

సుమ్మా అంటే ఊరికే అని. ఈ లోకంలో ఎవరూ ఏదీ ఊరికే అడగరని నాకు గట్టి నమ్మకం. జూన్ అని చెబితే, ఆ లోపలే పెళ్లి కానిచ్చేయమని అక్క చెవిన వేస్తాడని లెక్క వేసుకున్నాను. తెలియదని చెప్పి కంచం ఎత్తుకుని లేచిపోయాను. అతను ఇంకేదో అనబోయాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది.

మధురైకి రైలులో వెళ్లాం. అమ్మ, నాయన, నేను, మామ. మామ ఒళ్లో వెదురు బుట్ట, మీద తడిగుడ్డ. దారి పొడుగునా అతను ఆ గుడ్డ ఎత్తి నీళ్లు చూపిస్తూనే ఉన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నా, కళ్లు అతని చేతుల మీదే. బుట్టలోకి ఏమైనా వేస్తున్నాడా? ఏమీ వేయలేదు. వేయకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది. ఆకలితో ఉంటే తనకు అలవాటైన పూవు దగ్గరికి ఇంకా వేగంగా వెళుతుంది కదా.

మా కులదేవత గుడి మేలూరు వెళ్లే దారిలో, రాళ్లు కొట్టే చోటికి దగ్గర్లో ఉంది. పొద్దున్నే అవ్వను తీసుకుని బస్సులో వెళ్లాం. చిన్న రాతి గుడి, ముందు మట్టి వాకిలి, చుట్టూ మొండి గోడ. దూరంగా సుత్తి దెబ్బలు టంగుటంగుమని వినబడుతున్నాయి. నేను నీలం దావణీలో ఉన్నాను. అమ్మ పట్టు చీర కట్టుకోమని పోరినా వినలేదు. అవ్వ రెండు విస్తరాకు దొప్పల్లో సమంగా బియ్యం పోసింది. ఒకదాని మీద తెల్లపూవు, రెండోదాని మీద ఎర్రపూవు పెట్టింది. నేను వెళ్లి దొప్పలకు ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు ఏంటికే ఇక్కడ?" అంది అవ్వ. "ఎవరి పెండ్లికి అడగతా ఉండామో ఆ పిల్ల అమ్మవారికి ఎదురు నిలబడరాదు. పో, గోడ వెనక్కి పో."

"అవ్వా, నేను సుమ్మా..."

"పో అంటే పో!"

అమ్మ వచ్చి చేయి పట్టుకుని గోడ వెనక్కి తీసుకెళ్లి, అక్కడ నిలబెట్టి, తాను మళ్లీ ముందుకు వెళ్లింది. గోడ నా తలకంటే ఎత్తు. ఇంత కష్టపడి నేర్పింది అంతా నా మొహానికి కట్టి ఉంది, ఆ మొహాన్ని తీసుకొచ్చి గోడకు ఎదురుగా పెట్టారు. వాకిట్లో పావురం ముందు ఇప్పుడు ఉన్నది మామ ఒక్కడే. మామ ఎదురుగా ఉంటే అది ఏం చేస్తుందో నేను నా కళ్లతో చూశాను. ఇక చూడాల్సింది ఏమీ లేదు. సిస్టరు మొహం గుర్తుకొచ్చింది. ట్రైనింగుకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్దామని దాచుకున్న కొత్త ట్రంకుపెట్టె గుర్తుకొచ్చింది. గోడకు నుదురు ఆనించి, ఏడుపు బయటికి రాకుండా పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

అవ్వ మొక్కుకోవడం వినబడింది. బుట్ట మూత తీసిన చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, సుత్తి దెబ్బలు తప్ప.

"అయ్యో," అంది అమ్మ.

ఆ ఒక్క మాట అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆ తర్వాత అవ్వ గొంతు వినబడింది. "ఏడవద్దు. అమ్మవారు వొద్దనె. అంతే. దీని గురించి మళ్లీ ఎవరూ నోరు తెరవరాదు."

నేను గోడ చుట్టూ తిరిగి వచ్చాను. బూడిద పావురం ఎర్రపూవును పక్కకు తోసేసి ఆ దొప్పలో బియ్యం తింటోంది. దాని ఎదురుగా, చేయి చాచితే అందేంత దూరంలో, మామ గొంతుక్కూర్చుని ఉన్నాడు. తెల్లపూవు పెట్టినది పెట్టినట్టే ఉంది.

ముందు నాకు సంతోషమే. గొంతు దాకా సంతోషం. బతికి బయటపడ్డాను అనుకున్నాను. బస్సు కోసం రోడ్డు మీదికి నడుస్తుంటే ఆ సంతోషంలో ఏదో గుచ్చుకోవడం మొదలైంది. నేను అక్కడ లేను. నా దావణీ లేదు, నా మొహం లేదు. మామ మొహం చూసి తెల్లపూవు పొడవాల్సిన పావురం ఎర్రది పొడిచింది. నేను నేర్పినదైతే ఇలా జరగదు. మామ ఎదుట ఎర్రపూవు పొడవాలని దానికి నేర్పగలిగినవాడు ఒక్కడే. ఆ గడియ పెట్టుకున్న సాయంత్రాల్లో అతను పిడికెడు ఎర్రపూవుకు మార్చాడు. "అదే, అదే" అన్నది ఎర్రపూవును.

మరి ఎందుకు? నా బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను వద్దనుకున్న మనిషికి నేనే వద్దయ్యానా అన్న అనుమానం పట్టుకుంది. మొదట ఆశపడి, తర్వాత నా కోపం, నా పెడసరం చూసి, ఈ పిల్లతో కాపురం మన వల్ల కాదని వదిలించుకున్నాడేమో. కోరుకున్నది చేతికి వచ్చాక ఇలా ఆలోచించడం పిచ్చితనమే. అయినా చెప్పుకోలేనంత అవమానం వేసింది. అమ్మ, నాయన, అవ్వ ఒక రాయి మీద కూర్చున్నారు. మామ కొంచెం దూరంగా, ఎండ తగలకుండా బుట్టకు తన నీడ పట్టి నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లాను. కోయంబత్తూరు నుంచి అతనితో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"ఏంటికి మామా మారిస్తివి?"

ఏమి మార్చాడో నేను చెప్పలేదు, అతను అడగలేదు.

"మొట్టమాడి అంతా శెనక్కాయ పొట్టు పడి ఉండె గదా అమ్మిణీ," అన్నాడు. "దినామూ నేనే ఊడ్చి పారేస్తా ఉంటిని. అక్క చూస్తే నిన్ను అరుస్తాదని." బుట్ట మీద గుడ్డ సర్దాడు. "మామా, నాకి వొద్దు అని ఒక్క మాట అనుంటే చాలు. నాకి చెప్పకుండా పావురానికి చెప్తివే."

నాకు ఏడుపు రాలేదు, మండిపోయింది. నా గెలుపు నాది కాకుండా చేసినందుకు, నేను ఒలిచిన పొట్టు నాకు తెలియకుండా ఊడ్చినందుకు, ఒక్క మాట అంటే చాలని అంత తేలికగా అన్నందుకు. తిరిగి అనడానికి ఎన్నో మాటలు వెతుక్కున్నాను. బస్సు వచ్చింది. అతను బుట్ట పట్టుకుని వెనక తలుపు ఎక్కాడు, నేను ముందు తలుపు ఎక్కాను.

జూన్‌లో ట్రైనింగుకు వెళ్లాను. నాయనకు కొట్టు వదలడం కుదరక, ట్రంకుపెట్టె మోసుకుని స్టేషనుకు మామే వచ్చాడు. పెట్టె సీటు కిందికి తోసి, ప్లాట్‌ఫారం మీద నా కిటికీ పక్కన నిలబడ్డాడు. ఏదైనా అంటాడేమోనని, రైలు కదిలేదాకా అతని నోటి వంకే చూస్తూ కూర్చున్నాను.